మామూలు పెట్రోలే 95 అయితే, పవర్ పెట్రోలుకు అదనం దేనికి?

గౌరవనీయులైన కేంద్ర పెట్రోలియం, సహజవాయు శాఖ మంత్రి గారికి,



ఇథనాల్ కలిపిన పెట్రోలు మీద జనంలో గొడవ ముదిరినప్పుడు, 2025 ఆగస్టులో మీ శాఖ ఒక వివరణ ఇచ్చింది. ఒకప్పుడు మన దేశంలో 88 ఆక్టేన్ పెట్రోలు అమ్మేవారని, బీఎస్-6 కాలుష్య నిబంధనల నాటికి అది 91 అయిందని, 20 శాతం ఇథనాల్ కలిశాక ఇప్పుడు 95కి చేరిందని అందులో ఉంది. సంతోషం. కానీ అది చదివిన దగ్గర్నుంచి నాకొక సందేహం పట్టుకుంది. బంకుకు వెళితే నార్మల్ గన్ పక్కనే ఇంకో గన్ వేలాడుతుంటుంది. దాని మీద ఎక్స్‌పీ95 అనో, పవర్95 అనో రాసి ఉంటుంది. లీటరుకు ఏడెనిమిది రూపాయలు ఎక్కువ. నార్మల్‌దీ 95, దీనిదీ 95 అయితే ఆ ఏడెనిమిది రూపాయలు దేనికి ఇస్తున్నట్టు?

దీనికి జవాబు చెప్పగలిగింది మీరే. ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం మూడూ మీ శాఖ కిందివే. దేశంలోని బంకుల్లో అత్యధికం వాటివే. అందుకే ఆ కంపెనీల మార్కెటింగ్ విభాగాలకు కాకుండా మీకు రాస్తున్నాను. ట్యాంకు నింపించుకునే ప్రతివాడికీ సంబంధించిన విషయం కాబట్టి బహిరంగంగానే రాస్తున్నాను.

బంకులో ఏం జరుగుతుందో ముందు చెబుతాను. కారు ఆగీ ఆగకముందే కుర్రాడు అద్దం దగ్గరికొచ్చి "పవర్ కొట్టమంటారా సార్?" అంటాడు. "నార్మల్" అంటే ఒకసారి కారు వంక, ఒకసారి మన వంక చూస్తాడు. "మంచి బండి కదా సార్, పవర్ కొట్టిస్తే పికప్ బాగుంటది. మైలేజీ కూడా రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువిస్తది" అంటాడు. వెనక హారన్లు మోగుతుంటాయి. పక్క సీట్లో కూర్చున్న బంధువు ముందు పిసినారిలా కనబడటం ఎందుకని చాలామంది సరే అనేస్తారు. కొన్నిచోట్ల ఆ మాత్రం ఎంపిక కూడా ఉండదు. ఓ రాత్రి హైవే మీద ఒక బంకులో నాకు వచ్చిన సమాధానం, "నార్మల్ అయిపోయింది సార్, పవరే ఉంది." తర్వాతి బంకు ఎంత దూరంలో ఉందో తెలియనివాడు ఏం చేస్తాడు? కొట్టించుకుంటాడు. నేనూ అదే చేశాను.

ఆ కుర్రాణ్ని నేను తప్పుపట్టను. పైవాళ్లు చెప్పమన్నదే అతను చెబుతున్నాడు. నాకు బాధ కలిగించేది వేరే. బైకు మీద వచ్చి వంద రూపాయలు కొట్టించుకునే డెలివరీ కుర్రాళ్లు కూడా బండి బాగా లాగుతుందనే ఆశతో పవర్ గన్ దగ్గర వరుసలో నిలబడుతున్నారు. ఆ వందకి వాళ్ల ట్యాంకులో పడే పెట్రోలే తగ్గిపోతోంది. రోజంతా బండి మీదే బతికేవాడికి అది చిన్న నష్టం కాదు.

ఇంతకీ ఆక్టేన్ అంటే ఏమిటి? పెట్రోల్ ఇంజన్‌లో పిస్టన్ పైకి వస్తూ పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని నొక్కుతుంది. సరైన సమయానికి స్పార్క్ ప్లగ్ నిప్పు రాజేస్తుంది. మంట ప్లగ్ దగ్గర మొదలై సిలిండర్ గోడల దాకా క్రమంగా పాకాలి. అయితే మంట పాకుతున్నకొద్దీ లోపల ఒత్తిడి, వేడి పెరుగుతాయి. ఆ వేడికి, గోడల దగ్గర మిగిలి ఉన్న మిశ్రమం మంట వచ్చేదాకా ఆగకుండా దానంతటదే భగ్గుమంటే ఇంజన్‌లోంచి టకటకమని లోహపు చప్పుడు వస్తుంది. మెకానిక్కులు దాన్ని నాకింగ్ అంటారు. కారు నిండా మనుషులతో, ఏసీ వేసుకుని, గేరు తగ్గించకుండా అనంతగిరి ఘాట్ ఎక్కించబోతే పాత కార్లలో ఆ చప్పుడు స్పష్టంగా వినబడుతుంది. అది ముదిరితే పిస్టన్లు దెబ్బతింటాయి. ఇలా వేళకు ముందే అంటుకోకుండా పెట్రోలు ఎంత ఒత్తిడిని, వేడిని ఓర్చుకోగలదో చెప్పేదే ఆక్టేన్ అంకె. లీటరు పెట్రోలులో ఎంత శక్తి ఉందో ఆ అంకె చెప్పదు.

దాన్ని కొలిచే పద్ధతి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. గ్రాహం ఎడ్గర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త 1920లలో ఈ కొలబద్ద తయారుచేశాడు. తేలిగ్గా నాకింగ్ తెప్పించని ఐసో ఆక్టేన్‌కు 100, వెంటనే తెప్పించే నార్మల్ హెప్టేన్‌కు 0 ఇచ్చాడు. కొన్నేళ్లకే ఈ పరీక్ష కోసం ఒకే సిలిండర్ ఉన్న ప్రత్యేకమైన ఇంజన్ వచ్చింది. ఇవాళ్టికీ రిఫైనరీల ప్రయోగశాలల్లో ఆ రకం ఇంజనే పరీక్ష చేస్తోంది. నిమిషానికి 600 చుట్లు తిరుగుతున్న ఇంజన్‌లో పరీక్షించాల్సిన పెట్రోలు మండిస్తూ, నాకింగ్ ఒక స్థాయికి వచ్చేదాకా ఒత్తిడిని పెంచుకుంటూ పోతారు. ఐసో ఆక్టేన్, హెప్టేన్ ఏ పాళ్లలో కలిపితే సరిగ్గా అంతే నాకింగ్ వస్తుందో చూస్తారు. ఆ మిశ్రమంలో నూటికి 91 పాళ్లు ఐసో ఆక్టేన్ ఉంటే ఆ పెట్రోలు ఆక్టేన్ 91. ఈ పరీక్షలో తేలిన అంకెను ఆర్‌ఓఎన్ అంటారు. ఆ పరీక్షలో బండి ఎన్ని కిలోమీటర్లు వెళ్లింది, ఎంత బరువు లాగింది అన్న ప్రశ్నలే ఉండవు.

కాబట్టి 91తో నాకింగ్ రాకుండా తయారుచేసిన ఇంజన్‌లో 95 పోసినా, 100 పోసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఏడడుగుల గుమ్మంలోంచి తల వంచకుండా వెళ్లే మనిషి, గుమ్మాన్ని పదడుగులకు పెంచితే పొడుగైపోడు కదా.

ఇప్పటి కార్లలో కంప్యూటర్ ఉంది, అది పెట్రోలును బట్టి సర్దుకోదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇంజన్ బ్లాకుకు బిగించిన నాక్ సెన్సర్ నాకింగ్‌ను పసిగట్టగానే ఈసీయూ అనే ఆ కంప్యూటర్‌కు చేరవేస్తుంది. ఈసీయూ స్పార్క్‌ను కొద్దిగా ఆలస్యం చేస్తుంది. నాకింగ్ ఆగుతుంది, దాంతో పాటు కాస్త పికప్పూ కాస్త మైలేజీ పోతాయి. అలాంటప్పుడు ఎక్కువ ఆక్టేన్ పోస్తే ఆ పోయినది వెనక్కి వస్తుంది. కానీ కారు కంపెనీ పెట్టిన హద్దు దాటి స్పార్క్ ముందుకు జరగదు. 91 కోసం చేసిన కారు ఆ హద్దును 91తోనే దాదాపు అందుకుంటుంది. ఆపైన డబ్బు పెట్టి కొన్న ఆక్టేన్ వాడకంలోకే రాదు.

ఎక్కువ ఆక్టేన్ అద్భుతంగా పనిచేసిన సందర్భమూ ఉంది. 1940లో బ్రిటన్ గగనతల యుద్ధానికి ముందు స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలు 87 ఆక్టేన్ పెట్రోలుతో ఎగిరేవి. 100 ఆక్టేన్ పెట్రోలు చేతికొచ్చాక వాటి మెర్లిన్ ఇంజన్లలో, గాలిని నొక్కి లోపలికి పంపే సూపర్‌చార్జర్ ఒత్తిడి పరిమితిని చదరపు అంగుళానికి ఆరుంబావు పౌండ్ల నుంచి పన్నెండుకు పెంచారు. అదనపు శక్తి వచ్చింది ఆ పెంచిన ఒత్తిడి నుంచి. ఆ ఒత్తిడికి పెట్రోలు తట్టుకుని నిలబడింది, అంతే. ఇంజన్‌లో ఏ మార్పూ చేయకుండా ట్యాంకులో పెట్రోలు ఒక్కటే మార్చి ఉంటే పైలట్లకు ఆ బలం దక్కేది కాదు. మన వీధిలో తిరిగే కారుకు కూడా ఇదే సూత్రం. ఆక్టేన్‌ను వాడుకునే ఇంజన్ ముందు ఉండాలి.

అంత దూరం ఎందుకు? ఆక్టేన్ పెరిగితే మైలేజీ పెరుగుతుందనే నమ్మకం తప్పని చెప్పడానికి మీ శాఖ అమలు చేసిన ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు చాలు. ఇథనాల్ ఆక్టేన్ సుమారు 108.5 అని, పెట్రోలుది 84.4 అని మీ వివరణలోనే ఉంది. అంటే ఇథనాల్ కలిపినకొద్దీ ఆక్టేన్ పెరుగుతుంది. కానీ లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికంటే దాదాపు మూడోవంతు తక్కువ. 20 శాతం కలిపితే లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన ఇథనాల్ ప్రణాళికలోనూ ఈ మాట ఉంది: ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించి 10 శాతానికి సర్దిన కార్లలో ఇ20 వాడితే మైలేజీ 6-7 శాతం, అలాంటి ద్విచక్ర వాహనాల్లో 3-4 శాతం తగ్గుతుందని, 10 శాతానికి రూపొందించి ఇ20కి సర్దిన కార్లలో 1-2 శాతం తగ్గుతుందని. ఆక్టేన్ 91 నుంచి 95కి ఎక్కింది. మైలేజీ పెరగకపోగా తగ్గింది. ఈ రెండూ వేర్వేరు విషయాలని దేశంలోని ప్రతి పెట్రోల్ బండీ ఇప్పుడు రోడ్డు మీద నిరూపిస్తోంది.

ఇథనాల్ విధానం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్లడం లేదు. చమురు దిగుమతుల బిల్లు, చెరకు, మొక్కజొన్న రైతుల ఆదాయం అందులో ముడిపడి ఉన్నాయి. ఇథనాల్ కలపని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. నేను అడుగుతున్నది అంతకంటే చిన్న విషయం. ఆక్టేన్ పెరిగిందని మామూలు పెట్రోలును మెచ్చుకునేదీ మీ శాఖే, ఆక్టేన్ ఎక్కువని పక్క గన్‌కు అదనం వసూలు చేసేదీ మీ శాఖ కింది కంపెనీలే. ఈ రెండింటికీ పొంతన ఎలా కుదురుతుందో జనానికి చెప్పాలి కదా.

ఈ ప్రశ్నను పరీక్ష పెట్టి తేల్చినవాళ్లు అమెరికాలో ఉన్నారు. అక్కడి వాహనదారుల సంఘం ఏఏఏ 2016లో, మామూలు పెట్రోలుకు తయారైన కార్లలో ప్రీమియం పోసి ప్రయోగశాలలో చూసింది. ఇంజన్ శక్తిలో గానీ, మైలేజీలో గానీ, పొగలో గానీ చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. అవసరం లేకుండా ప్రీమియం పోయించుకుంటున్న అమెరికన్లు ఏడాదికి 210 కోట్ల డాలర్లు వృథా చేస్తున్నారని లెక్కగట్టింది. మరుసటి ఏడాది ఆ సంస్థే, ప్రీమియం వాడితే మంచిదని తయారీదార్లు సూచించిన కార్లను పరీక్షించింది. వాటిలో మేలు కనబడింది, సగటున మైలేజీ 2.7 శాతం, శక్తి 1.4 శాతం పెరిగాయి. గమనించండి, సూచించిన కార్లలో కూడా సగటు పెరుగుదల మూడు శాతం లోపే.

ఇక మన డబ్బు లెక్క చూద్దాం. సులువుగా ఉండటానికి నార్మల్ లీటరు వంద రూపాయలు, పవర్ 107 అనుకుందాం. పెట్టిన అదనం తిరిగి రావాలంటే మైలేజీ కనీసం 7 శాతం పెరగాలి. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు 16 దాటి ఇవ్వాలి. అప్పటికి లాభం సున్నా, నష్టం లేకుండా బయటపడతాం, అంతే. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే కారుకు దాదాపు 667 లీటర్లు కావాలి. లీటరుకు ఏడు రూపాయల చొప్పున 4,669 రూపాయలు అదనం. ఆ డబ్బుతో ఇంజన్ ఆయిలూ ఎయిర్ ఫిల్టరూ మార్పించి, ప్లగ్గులు చూపించుకుంటే బండికి నిజంగా మేలు జరుగుతుంది. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించుకోవడానికి దాదాపు ఖర్చే ఉండదు, మైలేజీలో తేడా మాత్రం తెలుస్తుంది.

ఆ అదనంలో పన్ను కూడా ఉంది. పెట్రోలు మీద వ్యాట్‌ను రాష్ట్రాలు శాతం లెక్కన వేస్తాయి. తెలంగాణలో అది 35.2 శాతం. అంటే ఎనిమిది రూపాయల తేడాలో సుమారు రెండు రూపాయలు రాష్ట్ర ఖజానాకే వెళతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాట్, ఆ పైన లీటరుకు ఇంత అని మరికొంత ఉన్నాయి. వినియోగదారుడు పికప్ కోసమని ఇచ్చే డబ్బులో నాలుగో వంతు ఇంజన్ దాకా చేరనే చేరదు.

అలాగని ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు ఎవరికీ అక్కర్లేదని నేననడం లేదు. టర్బో ఉన్న కొన్ని కార్లకు, ఖరీదైన విదేశీ కార్లకు, కంప్రెషన్ బాగా ఎక్కువున్న స్పోర్ట్స్ బైకులకు తయారీదార్లే 95 గానీ అంతకంటే ఎక్కువ గానీ కావాలని రాస్తారు. ఆ బండ్లకు అది తప్పనిసరి అవసరం. టర్బో గాలిని ముందే నొక్కి సిలిండర్‌లోకి పంపుతుంది కాబట్టి, ఓర్పు లేని పెట్రోలు అక్కడ నిలవదు. బాగా పాతబడి లోపల మసి పేరుకున్న ఇంజన్ కూడా కొత్తలో కంటే ఎక్కువ ఆక్టేన్ అడగవచ్చు. మే నెల ఎండలో రామగుండంలోనో విజయవాడలోనో అది ఇంకా బాగా తెలుస్తుంది. కానీ అక్కడ ముందు కావలసింది మెకానిక్. మసి తీయించకుండా నెలనెలా ఖరీదైన పెట్రోలు పోయడం జబ్బు నయం చేయించుకోకుండా జ్వరం మాత్రలు మింగడమే.

ఆక్టేన్ పెంచడానికి రిఫైనరీకి ఖర్చవుతుందని నాకు తెలుసు. ముడి చమురు నుంచి నేరుగా వచ్చే నాఫ్తా ఆక్టేన్ తక్కువ. విశాఖలో గానీ మథురలో గానీ దాన్ని రిఫార్మర్‌లో వేడిచేసి, ఉత్ప్రేరకాల మీదుగా పంపి అణువుల రూపం మార్చాలి. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్ ఎక్స్‌పీ100ను మథుర నుంచి విడుదల చేసినప్పుడు ఢిల్లీలో లీటరు 160 రూపాయలు పెట్టింది. పేరులోనే 100 అని ఉంది కాబట్టి అది ఎవరికో తెలుస్తూనే ఉంది. సూపర్‌బైకు ఉన్నవాడు కొనుక్కుంటాడు. అందులో దాపరికం లేదు. నా అభ్యంతరమల్లా మామూలు మారుతికో, హ్యుందాయ్‌కో, వందా నూట పాతిక సీసీ బైకుకో పవర్ పేరుతో అంటగట్టడం గురించే.

ఈ 95 గన్ పెట్రోలులో ఇంజెక్టర్ల మీద, వాల్వుల మీద మసి పేరుకోకుండా చూసే రసాయనాలు కలుపుతామని కంపెనీలు చెబుతాయి. అది ఉపయోగకరమైన పనే. అయితే అది ఆక్టేన్ చేసే పని కాదు, ఆ రసాయనాలు చేసే పని. 1995 నుంచి అమెరికాలో అమ్మే అన్ని రకాల పెట్రోలులోనూ కనీస మోతాదులో అలాంటి రసాయనాలు ఉండాలని అక్కడి పర్యావరణ సంస్థ నిబంధన పెట్టింది. నార్మల్ పోయించుకునేవాడి ఇంజెక్టర్‌కూ శుభ్రత అవసరమే కదా. తమ పెట్రోలు ప్రత్యేకత అదేనని కంపెనీలు అంటే, లీటరుకు ఎంత కలుపుతున్నారు, దానివల్ల ఎన్ని వేల కిలోమీటర్లకు ఎంత తేడా వచ్చింది అన్నది అంకెల్లో పెట్టమనండి. కొనాలో వద్దో జనమే తేల్చుకుంటారు.

మన అంకెలు ఎక్కువ, అమెరికా అంకెలు తక్కువ అన్న గందరగోళం కూడా ఒకటుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకొచ్చిన మనవాళ్లు అక్కడి బంకుల్లో 87, 89, 93 ఉంటాయని చెబుతారు. 87 వాళ్లకు మామూలు పెట్రోలు. అది మన 91 కంటే నాసిరకమనుకుంటే పొరపాటు. ఆక్టేన్‌కు ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ అని రెండు పరీక్షలున్నాయి. రెండోది ఇంకా కఠినమైంది. మనం మొదటిదాన్ని రాస్తాం, అమెరికన్లు రెండింటి సగటు రాస్తారు. భారత ప్రమాణాల ప్రకారం 91 ఆర్‌ఓఎన్ పెట్రోలుకు ఎంఓఎన్ కనీసం 81 ఉండాలి. సగటు చూస్తే 86. అంటే అమెరికా 87కి దాదాపు సమానం. అక్కడి 91, 93 ఇక్కడి 95, 98కి దగ్గర. అక్కడినుంచి వచ్చిన తమ్ముడు చెప్పాడని ఇక్కడ పవర్ కొట్టించుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకుంటే చాలు.

అమెరికా నుంచి మనం నిజంగా నేర్చుకోవలసింది ఇంకోటి ఉంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం ప్రతి పంపు మీదా పసుపుపచ్చ లేబుల్, దాని మీద నల్లటి పెద్ద అక్షరాల్లో ఆక్టేన్ అంకె ఉండి తీరాలి. ఎక్సాన్ కంపెనీ తన 93 ఆక్టేన్ పెట్రోలు ఇంజన్‌ను శుభ్రంగా ఉంచి మరమ్మతు ఖర్చు తగ్గిస్తుందని ప్రకటనలు ఇస్తే, ఆధారాలేవని ఆ కమిషన్ నిలదీసింది. 1997లో కుదిరిన ఒప్పందం ప్రకారం, చాలా కార్లకు మామూలు ఆక్టేన్ సరిపోతుందని, కారు మాన్యువల్ చూసుకోమని ఎక్సాన్ తన ఖర్చుతోనే టీవీల్లో ప్రకటనలు ఇవ్వాల్సి వచ్చింది. పెద్ద చమురు కంపెనీ చేత, ఖరీదైన పెట్రోలు మీకు అక్కర్లేకపోవచ్చని చెప్పించారు. మన వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది. దాని కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో మార్గదర్శకాలూ వచ్చాయి. చట్టం లేదనే సాకు మనకు లేదు.

అందుకే మిమ్మల్ని నాలుగు పనులు చేయమని కోరుతున్నాను.

మొదటిది, ప్రతి గన్ మీదా, ప్రతి పంపు తెర మీదా ఆ పెట్రోలు ఆర్‌ఓఎన్ ఎంత, ఇథనాల్ ఎంత శాతం అన్నది ఏ రాష్ట్రంలో ఆ రాష్ట్ర భాషలో, పెద్ద అంకెల్లో రాయించండి. బంకులు ఇప్పటికే సాంద్రతను చూపిస్తున్నాయి. సాంద్రత చూపించగలిగిన యంత్రానికి ఇంకో రెండు అంకెలు బరువు కావు. స్పీడ్ అని పేరు మాత్రమే పెట్టిన పంపు మీద దాని అంకె కూడా ఉండాలి. 95 గన్‌లో ఇథనాల్ ఉందా, లేదా, ఉంటే ఎంత అన్న ప్రశ్నకు ఒక్కో బంకులో ఒక్కో జవాబు వస్తోంది. పంపు మీద రాసి ఉంటే ఎవర్నీ అడగక్కర్లేదు.

రెండోది, పరీక్ష పెట్టించండి. పుణెలో వాహనాల పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ ఉంది, డెహ్రాడూన్‌లో భారత పెట్రోలియం సంస్థ ఉంది, ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్ సొంత పరిశోధన కేంద్రం ఉంది. దేశంలో ఎక్కువ అమ్ముడయ్యే కార్లు, బైకులు కొన్నింటిని తీసుకుని నార్మల్, 95, 100 పెట్రోళ్లతో నడిపి చూడమనండి. మైలేజీ, శక్తి, పొగ మూడూ కొలిచి, బండి పేరుతో సహా ఫలితాలు బయటపెట్టమనండి. ఏ బండికి ఏది లాభమో తేలిపోతుంది. ఫలితం కంపెనీలకు అనుకూలంగా వస్తే ఆ ప్రచారం వాళ్లు ధైర్యంగా చేసుకోవచ్చు.

మూడోది, బంకు కుర్రాడి నోట మొదట వచ్చే మాట మార్పించండి. అడగకుండా పవర్ అని మొదలుపెట్టడం, నార్మల్ లేదని ఖరీదైనది అంటగట్టడం ఆగాలి. నార్మల్ నిజంగా అయిపోతే బంకు ముందే బోర్డు పెట్టాలి, రోడ్డు మీదున్నవాడు చూసుకుని తిరగాలో వద్దో తేల్చుకునేలా. ఖరీదైన పెట్రోలు ఎంత అమ్మాలన్న లక్ష్యాలు డీలర్ల మీద ఉంటే అవి తీసేయండి. లక్ష్యం పైనుంచి పెడితే దాని ఒత్తిడి చివరికి పడేది ఎండలో నిలబడే కుర్రాడి మీద, ఆ తర్వాత కారులో కూర్చున్నవాడి మీద.

నాలుగోది, మొదట్లో అడిగిన ప్రశ్నకు మీ శాఖ తరఫున లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వండి. మామూలు పెట్రోలే 95 అయితే, 95 పేరుతో అమ్మేదానికి అదనంగా వసూలు చేసే డబ్బు ఏ గుణానికి? రసాయనాలకైతే ఆ మాట చెప్పండి. ఒకవేళ అన్ని బంకుల్లో నార్మల్ 95 దాకా రావడం లేదంటే, ఆగస్టు వివరణను సవరించండి. రెండింట్లో ఏదో ఒకటి నిజం కావాలి.

చివరగా ఈ లేఖ చదువుతున్నవాళ్లకు ఒక మాట. మీ బండి పెట్రోలు మూత తెరిచి లోపలి స్టిక్కర్ చూడండి, లేకపోతే మాన్యువల్‌లో ఇంధనం పేజీ తీయండి. అక్కడ 91 అని ఉంటే, నాకింగ్ లేకుండా నడుస్తుంటే, నార్మల్ కొట్టించుకోండి. 95 అని రాసి ఉంటే 95 పోయించండి, అక్కడ పిసినారితనం పనికిరాదు. మీరే పరీక్షించాలనుకుంటే ఒకే బంకులో ట్యాంకు ఫుల్ చేయించి, రోజూ తిరిగే దారిలోనే తిరిగి, మళ్లీ అక్కడే ఫుల్ చేయించి లెక్క చూసుకోండి. టైర్లలో గాలి, ఏసీ వాడకం రెండుసార్లూ ఒకేలా ఉండాలి. ఒక్క ట్యాంకుతో తేల్చేయకండి, ట్రాఫిక్ తెచ్చే తేడా పెట్రోలు తెచ్చే తేడాకంటే ఎక్కువ.

మంత్రి గారూ, ఇందులో మీకు కొత్త చట్టం అక్కర్లేదు, ఖజానాకు పెద్ద ఖర్చూ లేదు. మూడు కంపెనీలకు మీ శాఖ నుంచి ఒక ఆదేశం వెళితే చాలు. ప్రతి గన్ మీదా అంకె పడేలా ఆ ఆదేశం వెంటనే ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
నార్మల్ కొట్టించుకునే ఒక వాహనదారు